పోటు, పాటు, గాలి

పోర్టాఫీసులో చెత్తబుట్టకి పోతుంటే తెచ్చుకున్నాను
పాత పోటుపాట్ల రిజిస్టరు.
సగానికి పైగా తెల్ల కాగితాలే.
గడులు మాత్రం అచ్చేసి ఉన్నాయి:
తేదీ, పోటు, పాటు, గాలి, రిమార్కులు.
కొత్తవి గీయడానికి బద్ధకమేసింది.
ఏడాది చదువంతా వాటిలోనే రాసుకుంటూ పోయాను.

పోటంటే కథ నన్ను లాక్కున్న పేజీ.
పాటంటే వదిలేసిన పేజీ.
గాలంటే, ఎక్కడ కూర్చుని చదివానో.

జనవరి నాలుగు. గజపతుల కాలం నవల, లావుపాటిది.
పోటు పద్దెనిమిదో పేజీ.
పాటు, రాజుగారు పద్యం ఎత్తుకున్న ప్రతిచోటా.
గాలి: కొత్తవలస పాసింజరు, కిటికీ పక్క.
రిమార్కులు: మూడొందల ఏనుగులన్నాడు,
మేత ఎవరు వేశారో ఒక్క ముక్క రాయలేదు.
బండి సింహాచలంలో ఆగితే కొండవైపు చూశాను.
దానాలిచ్చినవాళ్ళ పేర్లు రాళ్ళమీద ఉన్నాయి,
రాళ్ళు మోసినవాళ్ళవి
నవలాకారుడికీ దొరకలేదు కాబోలు.

ఫిబ్రవరి అంతా హత్యలే.
అల్లిపురంలో సన్యాసిరావు గారి అద్దె పుస్తకాల కొట్టు,
రోజుకి మూడు రూపాయలు, అట్ట ఊడితే పది.
డిటెక్టివులకి ఇంకో గడి కావాల్సొచ్చి
మార్జిన్లో గీసుకున్నాను: నా అనుమానం.
వంటమనిషి. తప్పు.
వకీలు. తప్పు.
కవల తమ్ముడు. తప్పు కాదు గానీ అది మోసం,
తమ్ముడున్నాడని రెండొందల పేజీల దాకా చెప్పందే!
ఏడింటిలో కచ్చితంగా పట్టుకున్నది ఒక్కటి.
అదీ నా ఘనత కాదు,
పన్నెండో పేజీలో ఎవరో పుణ్యాత్ముడు
పెన్సిలుతో రాసిపెట్టాడు:
"డాక్టరే చంపేడు. చదవక్కర్లేదు."
చదివాను. డాక్టరే.

ఏప్రిల్ ఖాళీ.
ఎందుకో రాసుకోలేదు, దానికి గడి లేదు.
మే ఇరవై ఒకటికి మాత్రం ఒక వరస.
గాలి: కేజీహెచ్, మూడో అంతస్తు వరండా.
పుస్తకం: మాయల కథ, ఆకుపచ్చ అట్ట.
పోటు: మొదటి పేజీ. పాటు: లేదు.
రిమార్కులు: దీన్ని జన్మలో మరిచిపోను.

వానల్లో మళ్ళీ తేరుకుని
ఎగిరే ఓడలు, మాట్లాడే నక్కలు,
ముందు పేజీలో మడతపెట్టిన మ్యాపు ఉన్నవే ఏరుకున్నాను.
ఒక మ్యాపుతో చాలా గొడవపడ్డాను.
రేవు పెట్టాడు గానీ కొండ అడ్డు పెట్టలేదు.
మన యారాడ కొండలాంటిది ఒక్కటైనా లేకపోతే
తుఫాను రాత్రి ఆ ఓడలన్నీ ఏమైపోవాలి?
మాంత్రికుడున్నాడంటారు.
మాంత్రికుడికి రాత్రి డ్యూటీ ఉంటుందా?

డిసెంబరు ముప్పై ఒకటి, లెక్క తీశాను.
ముప్పై ఎనిమిది.
వేలితో ఒక్కో వరసా తడుముతూ వచ్చి
మే ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయాను.
జన్మలో మరిచిపోననుకున్న పుస్తకం
ఒక్క పేరూ, ఒక్క ఊరూ గుర్తు రాలేదు.
ఎవరు ఎవరిని కాపాడారు, అసలు కాపాడారా?
గుర్తున్నవి వేరే:
ఒక రెక్క వంగిన ఫ్యాను చప్పుడు,
పైకే చదువుతున్నానని నాకే తెలియకపోవడం,
పక్క మంచం దగ్గర పాప, పేరు నీలవేణి,
నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా
"తర్వాతేటి?" అనడం.

సాయంత్రం అల్లిపురం వెళ్ళాను.
సన్యాసిరావు గారు అద్దాలు సర్దుకుని
పద్దు తిరగేసి, నాలుక చప్పరించారు.
"నువ్విచ్చిన వారానికే పోయిందమ్మా.
కంచరపాలెం అతనెవరో, పాపని ఎత్తుకొని వచ్చేడు.
ఏడు నెలలు, ఇంక రాదది."
పాప ఎలా ఉందని అడిగాను.
పుస్తకాల కొట్లో అడగాల్సిన మాట కాదు.
"ఒకటే ప్రశ్నలు, బుర్ర తినేసింది" అన్నారు.

మన రేవులో పోటుకీ పాటుకీ తేడా
మనిషెత్తు కూడా ఉండదు.
అయినా రోజూ కొలుస్తాం, రాస్తాం.
ఇంటికొచ్చి రిజిస్టరు తెరిచాను.
ముప్పై తొమ్మిదో వరస.
తేదీ వేశాను, పోటు తెలీదు, పాటు తెలీదు.
గాలి గడిలో
కంచరపాలెం అని రాశాను.